ఫతే మైదానంలో ఫుట్‌బాల్: ఒక అద్దెదారు చరిత్ర

సభాధ్యక్షులకు, ఈ నగర చరిత్ర మీద ఆసక్తితో వచ్చిన పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

లాల్ బహదూర్ స్టేడియంలో ఫుట్‌బాల్ చరిత్ర గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు, నిర్వాహకులలో ఒకరు మొహమాటపడుతూనే "కొంచెం క్రికెట్ కూడా కలపండి, లేకపోతే జనం కూర్చోరు" అన్నారు. కలపక తప్పదు లెండి. ఆ స్టేడియంలో ఫుట్‌బాల్‌కు జరిగినదంతా క్రికెట్‌కు, కవాతులకు, రాజకీయ సభలకు జరిగిన దాని పక్కన పెట్టి చూస్తేనే అర్థమవుతుంది. నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఒకప్పుడు భారత ఫుట్‌బాల్‌కు రాజధానులలో ఒకటిగా పేరు పొందిన హైదరాబాద్‌కు, నడిబొడ్డున ఫుట్‌బాల్ కోసమే కట్టిన పెద్ద స్టేడియం ఏనాడూ లేదు. ఇప్పుడు లాల్ బహదూర్ స్టేడియం ఉన్న ఫతే మైదానంలో ఫుట్‌బాల్ అద్దెకు ఉంది. ఇంటి యజమానులు మారారు, అద్దెదారు మాత్రం సర్దుకుంటూ, ఖాళీ చేస్తూ, మళ్లీ వస్తూ కాలం గడిపాడు.

ఆ మైదానం పేరులోనే మొదటి యజమాని కనిపిస్తాడు. 1687లో ఔరంగజేబు గోల్కొండ కోటను ఎనిమిది నెలల పాటు ముట్టడించాడు. అబుల్ హసన్ తానీషా పట్టుబడ్డాక కుతుబ్‌షాహీల పాలన ముగిసింది. ఆ ముట్టడి కాలంలో మొఘల్ సేనలు విడిది చేసిన బయలు ఇదేననీ, గెలుపు తర్వాత దీనికి ఫతే మైదానమన్న పేరు వచ్చిందనీ నగరంలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. పక్కనే ఉన్న గుట్టకు నౌబత్ పహాడ్ అన్న పేరు కూడా మొఘలుల నగారాలను గుర్తు చేసేదే. బిర్లా మందిరానికి మెట్లెక్కి వెళ్లేవారిలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో నేను చెప్పలేను. ఆసఫ్‌జాహీల కాలానికి వచ్చేసరికి ఈ బయలు పోలో మైదానమయింది. గుర్రాల డెక్కలు తొక్కిన నేల, పాయిగా నవాబులూ జాగీర్దార్లూ ఆడుకున్న నేల. ఒక పక్క నిజాం కళాశాల, ఇటు బషీర్‌బాగ్, అటు ఇప్పటి శాసనసభ భవనం, దాని వెనక పబ్లిక్ గార్డెన్స్. నగరంలో ఇంతకంటె పలుకుబడి గల చోట ఇంత పెద్ద ఖాళీ స్థలం మరొకటి లేదు. ఆ పలుకుబడే తర్వాతి కాలంలో ఫుట్‌బాల్‌కు అడ్డమయిందని నా అభిప్రాయం. అందరికీ కావలసిన నేల ఏ ఒక్కరి సొంతమూ కాలేదు.

హైదరాబాదీ ఫుట్‌బాల్ ఈ మైదానంలో పుట్టలేదు. అది పుట్టింది కంటోన్మెంట్‌లో. తిరుమలగిరి, బొల్లారం ప్రాంతాలలో విడిది ఉన్న బ్రిటిష్ పటాలాల సిపాయిలు సాయంత్రాలు ఆడుతుంటే, చుట్టుపక్కల బస్తీల పిల్లలు గట్టు మీద నిలబడి చూసి, పోయిన బంతిని తెచ్చి ఇస్తూ నేర్చుకున్న ఆట అది. అక్కడి నుంచి సికింద్రాబాద్ జింఖానా మైదానానికి, పాతబస్తీ బడుల ఆవరణలకు, నిజాం సైన్యంలో కొలువు చేసిన అరబ్బుల సంతతి స్థిరపడ్డ బార్కస్‌కు, పోలీసు లైన్లకు పాకింది. తులసీదాస్ బలరాం అమ్ముగూడ నుంచి వచ్చాడు. కంటోన్మెంట్ అంచున ఉన్న ఆ పల్లెలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టిన కుర్రవాడు ఇరవై ఏళ్ల వయసులో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడాడు. ఆ దారిలో ఎక్కడా గ్యాలరీలు, పెవిలియన్లు లేవు. మొరం నేల, పక్కన మురికి కాలువ, గోల్ స్తంభాల స్థానంలో రెండు రాళ్లు ఉన్నాయి.

ఈ చెదురుమదురు మైదానాలను ఒక వ్యవస్థగా మార్చినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన గురించి ఇప్పుడు అందరికీ ఎంతో కొంత తెలుసు కాబట్టి జీవిత చరిత్ర చెప్పను. 1909లో పుట్టిన ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల పాఠశాలల్లో పనిచేశాడు, వ్యాయామ విద్యలో డిప్లొమా పొందాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యాడు, 1963లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు. మన అంశానికి కావలసినది ఆయన నడిపిన వింత పోటీల సంగతి. బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని ఒక్కడే దూసుకుపోవడానికి వీల్లేని పోటీ ఒకటి, అంటే వచ్చిన బంతిని వెంటనే తోటివాడికి అందించవలసిందే. కుడికాలి వాటం గలవాడు ఎడమకాలితోనే ఆడవలసిన పోటీ మరొకటి. పొట్టివాళ్ల కోసం ఒకటి. వీటికి పెద్ద స్టేడియం అక్కర్లేదు, ఒక బడి మైదానమూ ఒక ఈలా చాలు.

ఈ పద్ధతికీ మన నేలకూ సంబంధం ఉందని నేను అనుకుంటాను. కలకత్తాలో వానాకాలపు బురదలో, మెత్తని పచ్చికలో బంతి ఆగుతుంది, ఆటగాడు దాన్ని అదుపు చేసుకుని నాలుగడుగులు నడిపించగలడు. దక్కన్ మొరం నేల మీద బంతి ఆగదు. పడిన చోటి నుంచి ఎగురుతుంది, పక్కకు పోతుంది. అటువంటి నేల మీద బంతిని అట్టిపెట్టుకోవడం కంటె నేల బారున తక్కువ దూరానికి తోసి, తాను ఖాళీలోకి పరుగెత్తి, తిరిగి అందుకోవడమే లాభం. పైగా ఆ రోజుల్లో చాలామంది ఉత్తకాళ్లతో ఆడేవారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిన తర్వాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం చేసినదల్లా ఈ నేల నేర్పిన అలవాటును శాస్త్రంగా మార్చడం. ఈ మాటకు రుజువు అడిగితే నా దగ్గర కాగితాలేవీ లేవు. రెండు రకాల నేలల మీదా ఆట చూసినవారెవరైనా ఒప్పుకుంటారన్న నమ్మకం మాత్రం ఉంది.

ఫలితాలకు మాత్రం లిఖిత సాక్ష్యం ఉంది. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు బొంబాయిలో, దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ పోటీలలో ఒకటైన రోవర్స్ కప్పును హైదరాబాద్ సిటీ పోలీసు జట్టే గెలిచింది. స్వాతంత్ర్యం వచ్చాక తొలిసారిగా 1950లో ఢిల్లీలో జరిగిన మరో పెద్ద పోటీ డ్యూరాండ్ కప్పు ఫైనల్లో కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్‌ను ఓడించింది. 1954, 1957 డ్యూరాండ్‌లు కూడా మనవే. ఆంధ్రప్రదేశ్ పోలీసు అన్న కొత్త పేరుతో 1961లో ఇంకొకటి. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956–57లో హైదరాబాద్ జట్టు గెలుచుకుంది, మరుసటి ఏడు సొంత నగరంలోనే జరిగిన పోటీల్లో బొంబాయిని ఓడించి నిలబెట్టుకుంది. భాషాప్రయుక్త రాష్ట్రం ఏర్పడి ఏడాది దాటినా ఆ జట్టు ఇంకా హైదరాబాద్ పేరుతోనే ఆడటం ఒక చిన్న విశేషం. పరిపాలన 1956 నవంబరు 1న ఏకమయింది కానీ ఫుట్‌బాల్ సంఘాలు కలవడానికి మరికొంత కాలం పట్టింది.

జాతీయ జట్టు సంగతి చూడండి. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి మళ్లీ స్వర్ణం. మూడింటికీ శిక్షకుడు రహీం. మెల్బోర్న్ వెళ్లిన బృందంలో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్, బలరాం, ఇంతమంది హైదరాబాద్ మైదానాల్లో ఆడి ఎదిగినవారు. జకార్తా జట్టులో బలరాంతో పాటు యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. ఒక్క నగరం, అందులోనూ స్టేడియం లేని నగరం, ఇంతమందిని ఇచ్చింది.

అంటే, ఫతే మైదానం ఈ ఘనతలో ఏ పాత్రా వహించలేదా? వహించింది. పెద్ద మ్యాచ్ అంటే జనం రావాలి, జనం రావాలంటే నగరం నడుమ చోటు కావాలి. బస్సు దిగి, రిక్షా దిగి, సైకిలు స్టాండులో పెట్టి నడిచి వచ్చేంత దూరంలో ఉన్నది అదే. అయితే అదే దశాబ్దంలో అక్కడికి మరో అద్దెదారు వచ్చి చేరాడు. 1955 నవంబరులో న్యూజిలాండ్‌తో హైదరాబాద్ తొలి టెస్టు ఆ మైదానంలో జరిగింది. మన నగరవాసి గులాం అహ్మద్ భారత జట్టుకు నాయకుడు, పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు, టెస్టుల్లో భారతీయుడు చేసిన తొలి డబుల్ సెంచరీ అది. ఏడాది తిరిగేసరికి ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ సెమీఫైనల్ ఆడింది. ఆ రెండేళ్లలో ఏది పెద్ద ఘనత అని అడిగితే ప్రపంచం దృష్టిలో రెండోదే. కానీ మైదానం మీద శాశ్వతంగా ముద్ర వేసింది మొదటిది.

ముద్ర అన్నది అలంకారంగా అన్న మాట కాదు. క్రికెట్ పిచ్ 22 గజాల పొడవు, 10 అడుగుల వెడల్పు గల మట్టి పట్టీ. టెస్టు మైదానంలో అటువంటి పట్టీలు పక్కపక్కనే అనేకం ఉంటాయి. వాటన్నిటినీ కలిపి రోలరుతో నెలల తరబడి అదుముతారు, పచ్చికను గొరిగి, నీళ్లు పట్టి, ఎండబెట్టి, మళ్లీ అదుముతారు. అదే మైదానంలో 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఫుట్‌బాల్ గీతలు సున్నంతో గీస్తే, నడి వృత్తమూ దాని చుట్టుపక్కలా సరిగ్గా ఆ గట్టి నల్లమట్టి మీదకు వస్తాయి. చుట్టూ పచ్చిక మీద మెత్తగా దొర్లి వచ్చిన బంతి ఆ అంచు తగలగానే చటుక్కున ఎగురుతుంది. హాఫ్ బ్యాక్ కాలు చాచి బంతి లాక్కోబోతే మోకాలు చెక్కుకుపోతుంది. వాన పడిందా, ఆ నల్లమట్టి జారుడుబండ అవుతుంది. ఇక ప్రేక్షకుడి సంగతి. బౌండరీ కోసం గుండ్రంగా కట్టిన గ్యాలరీకీ, నలుచదరపు ఫుట్‌బాల్ హద్దుకూ మధ్య మూలల్లో ఎంతో జాగా మిగిలిపోతుంది. కార్నర్ కిక్ తీసుకునేవాడి ముఖం చూడాలంటే కళ్లజోడు కాదు, దుర్భిణి కావాలి. కలకత్తాలో మోహన్ బగాన్ మైదానంలో కూర్చున్నవాడు వింగర్ ఊపిరి వినగలడు. ఇక్కడ వినగలిగేది పక్కవాడి పల్లీల చప్పుడే.

క్రికెట్‌వాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. ఫుట్‌బాల్ బూట్ల మేకులు పిచ్ మీద గుంటలు చేస్తాయి. ఆ మట్టిని పెంచినవాడికి అది కడుపుకోత. చలికాలంలో రంజీ మ్యాచ్‌లూ, మొయినుద్దౌలా గోల్డ్ కప్పూ ఉంటాయి, ఫుట్‌బాల్ పెద్ద టోర్నమెంట్లు కూడా వానలు వెనకబట్టాకే మొదలవుతాయి. ఒకే ఇంట్లో రెండు పెళ్లిళ్లకు ఒకే ముహూర్తం. ఎవరి చుట్టాలకు వరండా దక్కుతుందో ముందే తెలిసిపోయేది.

లాల్ బహదూర్ శాస్త్రి 1966 జనవరిలో తాష్కెంట్‌లో కన్నుమూశారు. 1967లో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. పాతతరం వారు చాలాకాలం ఫతే మైదానమనే అన్నారు, ఆ ఆవరణలోని క్లబ్బు ఇప్పటికీ ఫతే మైదాన్ క్లబ్బే. పేరు మారిన కాలానికే మన ఫుట్‌బాల్‌లో కూడా ఒక శకం ముగుస్తోంది. రహీం 1963 జూన్‌లో క్యాన్సర్‌తో పోయాడు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు కొల్లంలో బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆ ట్రోఫీ తెలుగు నేలకు రాలేదు.

దీనికి కారణాలు అడిగితే సాధారణంగా క్రికెట్ మీదకు నెట్టేస్తారు. 1983 ప్రపంచకప్పు, టీవీ, అజహరుద్దీన్. అది సగమే నిజం. అజహరుద్దీన్ టెస్టుల్లోకి వచ్చింది 1984 చివరి రోజుల్లో. హైదరాబాద్ ఫుట్‌బాల్ చిక్కిపోవడం దానికి పదిహేనేళ్ల ముందే మొదలయింది. అసలు కారణం మన జట్టు నిర్మాణంలోనే ఉంది. కలకత్తా మైదానంలోని క్లబ్బులకు సభ్యులుంటారు, చందాలుంటాయి, సైన్యం అధీనంలోని నేల అయినా తమదంటూ ఒక మైదానం, ఒక గుడారం, ఒక గేటు ఉంటాయి. మన మహాజట్టు, అంటే సిటీ పోలీసు జట్టు, ఒక ప్రభుత్వ శాఖ. ఆటగాడు కానిస్టేబులుగా చేరతాడు, లైన్ మైదానంలో సాధన చేస్తాడు, గెలిస్తే ప్రమోషన్ వస్తుంది. శివకుమార్ లాల్ వంటి ఉన్నతాధికారులు ఆట మీద ప్రేమతో ముందుండి నడిపించినంత కాలం ఆ ఏర్పాటు దేశంలోకెల్లా గట్టిది. అధికారులు మారి, ఆసక్తి తగ్గి, నియామకాలు ఆగితే పట్టుకుని నిలబడటానికి సభ్యులు లేరు, గేటు వసూళ్లు లేవు, మైదానం లేదు. టికెట్టు కొని వచ్చిన జనానికి ఆ జట్టు మీద ఏ హక్కూ లేదు.

దాంతో ఆటగాళ్లు డబ్బున్న చోటికి వెళ్లారు. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి ఆ జట్టుకు నాయకుడయ్యాడు, 2023లో కన్నుమూసేదాకా బెంగాల్‌లోనే ఉండిపోయాడు. నయీముద్దీన్ వెళ్లాడు, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు అతనే నాయకుడు. మహమ్మద్ హబీబ్ వెళ్లాడు, వెనుకే తమ్ముడు అక్బర్ వెళ్లాడు. 1977లో పీలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు ఈడెన్ గార్డెన్స్‌లో జరిగిన 2–2 మ్యాచ్‌లో మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినవారిలో ఒకడు మన హబీబ్. బెంగాలీలు అతన్ని 'బడే మియాఁ' అని పిలుచుకున్నారు. షబ్బీర్ అలీ నాయకత్వంలో భారత యువ జట్టు 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యువజన టైటిల్‌ను పంచుకుంది. అతని కీర్తి కూడా కలకత్తాలోనే పండింది. విక్టర్ అమల్‌రాజ్ దీ అదే దారి. వీళ్లందరి ఆట పక్వానికి వచ్చిన ఏళ్లు చూసినవాడు కలకత్తా ప్రేక్షకుడు. మనవాడు ఆకాశవాణి వ్యాఖ్యానం విన్నాడు.

ఈలోగా లాల్ బహదూర్ స్టేడియానికి మూడో యజమాని వచ్చాడు. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది రాజ్‌భవన్‌లో కాదు, ఆ స్టేడియంలో, జనం మధ్య. చారిత్రకంగా అది గొప్ప సన్నివేశమే, అందులో అనుమానం లేదు. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రమాణమూ, 2023 డిసెంబరు 7న రేవంత్‌రెడ్డి ప్రమాణమూ అక్కడే. మధ్యలో బహిరంగ సభలు, ప్రభుత్వ ఇఫ్తార్ విందులు, క్రిస్మస్ విందులు, ఎన్నో. సభ అయిన మర్నాడు ఆ మైదానంలోకి వెళ్లి చూసినవారికి సంగతి తెలుస్తుంది. షామియానా గుంజల కోసం తవ్విన గుంటలు, కుర్చీల కాళ్లు గుచ్చుకున్న వరుసలు, సరుకు దింపిన లారీల టైర్ల చాళ్లు, వాడిన బంతిపూలు, నీళ్ల ప్యాకెట్లు. గుంటను మట్టితో పూడ్చితే పైకి సమంగానే కనిపిస్తుంది. మొదటి వానకు అది కుంగుతుంది, పరుగెత్తేవాడి చీలమండ అక్కడ తిరుగుతుంది. పచ్చికకు తేరుకోవడానికి వారాలు పడుతుంది, తర్వాతి సభకు అంత వ్యవధి ఉండదు.

నగరం తన ముఖ్యమంత్రి ప్రమాణాన్ని కళ్లారా చూడకూడదని నేను అనడం లేదు. ఆటస్థలాన్ని సభాస్థలిగా వాడేటప్పుడు దాన్ని తిరిగి ఆటస్థలంగా చేసి అప్పగించే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఏ ప్రభుత్వ కాలంలోనూ గట్టిగా వినబడలేదు, అంతే.

క్రికెట్ కథ అక్కడ ఎలా ముగిసిందో చెప్పుకోవడం న్యాయం. 1999 నవంబరు 8న న్యూజిలాండ్ మీద సచిన్ 186 నాటౌట్, ద్రవిడ్ 153, ఇద్దరూ కలిసి 331 పరుగులు. ఆ మధ్యాహ్నం స్టేడియంలో ఉన్నామని చెప్పుకునేవారందరినీ కూడితే గ్యాలరీ మూడింతలు పట్టాలి. తర్వాత కొన్నేళ్లకే క్రికెట్ సంఘం ఉప్పల్‌లో సొంత స్టేడియం కట్టుకుంది, 2005 నుంచి అంతర్జాతీయ మ్యాచ్‌లు అక్కడికి తరలిపోయాయి. లాల్ బహదూర్ స్టేడియం ప్రభుత్వ క్రీడా ప్రాధికార సంస్థది. దాని కార్యాలయం ఆ ఆవరణలోనే ఉంది. అద్దెకున్న క్రికెట్ డబ్బు సంపాదించి సొంతిల్లు కట్టుకుని వెళ్లిపోయింది. ఇటు బ్యాడ్మింటన్ ఆ ఆవరణలోనే ఇండోర్ హాలు దొరికి బతికి బట్టకట్టింది. సైనా నెహ్వాల్ మొదట రాకెట్ పట్టి శిక్షణ పొందింది అక్కడే. తర్వాత అదీ గచ్చిబౌలిలో అకాడమీ కట్టుకుంది. మిగిలింది ఫుట్‌బాల్.

క్రికెట్ వెళ్లిపోయాక ఇల్లంతా ఫుట్‌బాల్‌దే కావలసింది. అందుకు అవకాశం 2008లో వచ్చింది. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఛాలెంజ్ కప్పుకు హైదరాబాద్ ఆతిథ్యం ఇచ్చింది. గెలిచిన జట్టుకు 2011 ఆసియా కప్పులో నేరుగా చోటు. భారత్, తజికిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, అఫ్గానిస్తాన్ ఉన్న విభాగం మ్యాచ్‌లు లాల్ బహదూర్, గచ్చిబౌలి స్టేడియాల్లో జరిగాయి. ఈ నగరంలో భూటియా, ఛెత్రి భారత జట్టు నీలి చొక్కాల్లో పోటీ ఆట ఆడారు. జులై చివర, ఆగస్టు మొదట్లో, అంటే మన వానలు ముదిరే కాలం. వాన పడింది, మైదానాలు చిత్తడి అయ్యాయి, ఆట కంటె నీళ్లు తోడడం ఎక్కువయింది. చివరకు ఫైనల్‌ను హైదరాబాద్ నుంచి తీసేసి ఢిల్లీ అంబేద్కర్ స్టేడియానికి మార్చారు. ఆగస్టు 13న అక్కడ భారత్ తజికిస్తాన్‌ను 4–1తో ఓడించింది, ఛెత్రి మూడు గోల్స్ కొట్టాడు, భారత్ 1984 తర్వాత మళ్లీ ఆసియా కప్పుకు అర్హత పొందింది. జాతీయ జట్టుకు ఇంత ముఖ్యమైన సాయంత్రం రహీం నగరంలో జరగవలసింది, నీరు ఇంకని నేల వల్ల ఢిల్లీకి పోయింది. ఈ ప్రసంగంలో ఒక్క తేదీ గుర్తుపెట్టుకోమంటే ఇదే అంటాను. దశాబ్దాల పాటు పిచ్ కోసం అదిమిన మట్టి, సభల కోసం తవ్విన గుంటలు, నేల కింద నీరు పోయే ఏర్పాటు మీద పెట్టని ఖర్చు, అన్నీ ఆ ఒక్క వారంలో లెక్క తేలాయి.

2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో కట్టిన బాలయోగి స్టేడియం ఆ తర్వాత క్రమంగా నగర ఫుట్‌బాల్‌కు చిరునామా అయింది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019 నుంచి ఇండియన్ సూపర్ లీగ్‌లో దాన్ని సొంత మైదానంగా చేసుకుంది. అయితే కరోనా వల్ల రెండు సీజన్లు పూర్తిగా గోవాలోనే జరిగాయి, 2022 మార్చి 20న ఆ జట్టు కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఛాంపియన్ అయింది కూడా గోవాలోని ఫతోర్దాలోనే. నగరం పేరు మోసిన జట్టు గెలుపును నగరం మళ్లీ టీవీలోనే చూసింది. హబీబ్ కాలంలో రేడియో, ఇప్పుడు టీవీ, తేడా అంతే అనాలనిపిస్తుంది గానీ పోలిక పూర్తిగా సరిపోదు. హబీబ్ మనవాడు, ఈ జట్టులో హైదరాబాదీ కుర్రాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంత మందే ఉండేవారు.

బాలయోగి స్టేడియం కూడా నిజానికి అథ్లెటిక్స్ స్టేడియమే. మైదానం చుట్టూ పరుగుబాట ఉంది, గ్యాలరీ దూరంగానే ఉంది. అయినా అక్కడ నడుమ నల్లమట్టి పట్టీలు లేవు, ప్రమాణ స్వీకారాలు లేవు. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు అక్కడ జరిగింది, సిరియా గెలిచింది. అదే ఏడాది డిసెంబరులో సంతోష్ ట్రోఫీ తుది దశ మ్యాచ్‌లు చాలావరకు అజీజ్‌నగర్ వైపున్న డెక్కన్ అరీనాలో ఆడి, ఫైనల్‌ను డిసెంబరు 31న బాలయోగి స్టేడియంలో పెట్టారు. అదనపు సమయం దగ్గరపడుతుండగా రోబి హాన్స్‌దా కొట్టిన గోల్‌తో బెంగాల్ 1–0తో కేరళను ఓడించింది. 1957–58లో మనవాళ్లు సొంత నగరంలో అందుకున్న ట్రోఫీయే అది.

లాల్ బహదూర్ స్టేడియం విషయంలో ఇప్పుడేం చేయవచ్చని నన్ను అడిగేవారున్నారు, కాబట్టి నా మాటగా చెప్పి ముగిస్తాను. పడగొట్టి కొత్తది కట్టమనడం నాకు ఇష్టం లేదు. పాతిక వేల మందికి పైగా పట్టే గ్యాలరీ ఉంది, నాంపల్లి, అసెంబ్లీ మెట్రో స్టేషన్లు నడిచే దూరంలో ఉన్నాయి, చుట్టూ క్రీడా సామగ్రి అమ్మే దుకాణాలు ఉన్నాయి. కావలసింది నేల. నడుమనున్న పిచ్‌లను ఎత్తేసి, కింద కంకర, ఇసుక, నీరు పోయే గొట్టాలు వేసి, పైన ఒకే రకం పచ్చిక పెంచాలి. ఆ తర్వాత ఏడాదికి ఎన్ని సభలు, ఏ నెలల్లో, గుంజలు పాతకుండా ఎలా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ముఖ్యంగా ఏదో ఒక జట్టుకు, అది బస్తీ లీగు జట్టయినా సరే, ఆ మైదానం మీద కాగితం మీద రాసి ఇచ్చిన హక్కు ఉండాలి. వానాకాలం లీగు మ్యాచ్‌లకు టికెట్టు పెట్టకుండా గేట్లు తెరిస్తే బార్కస్ నుంచి, బొల్లారం నుంచి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇక మీ ప్రశ్నలు. ముందు వరుసలో ఇద్దరు పెద్దలు ఇందాకటి నుంచీ చేయి ఎత్తే ఉన్నారు, బహుశా యాభైల నాటి మ్యాచ్‌లు స్వయంగా చూసినవారే అయి ఉంటారు. వారికే మొదట మైకు ఇద్దాం.